కబడ్డీ రత్నమ్మ కొడుకు కూత

బెంగళూరు అగరలో ఆమెను ఉత్త రత్నమ్మ అంటే ఎవరికీ తెలియదు. కబడ్డీ రత్నమ్మ అనాలి. పగలంతా హోసూరు రోడ్డులోని గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. సాయంత్రం కొంగు బిగించి కుర్రాళ్ళకు కబడ్డీ నేర్పేది. తొంభై ఎనిమిదిలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ కాబట్టి మైదానానికి కొదవ లేదు. పెళ్ళికి ముందు ఆమె ఆడిన రోజుల్లో చీలమండ పట్టిందంటే ఎంతటివాళ్ళైనా బోర్లా పడాల్సిందేనట. ఆమె భర్త మునిస్వామి కూడా ఈ మాట ఒప్పుకుంటాడు. ఎలా తెలుసో మాత్రం చెప్పడు.

కొడుకు మంజునాథ్‌కు పదహారేళ్ళు. జట్టులో వాడే మేటి. జిల్లా జూనియర్ల ఎంపికకు ఒక్కో జట్టు నుంచి ఒక్కరినే పంపమన్నారు. వాడి పేరే వెళ్తుందని వాడితో సహా అందరూ అనుకున్నారు. కొత్త బనియను కూడా కొనుక్కున్నాడు.

కబడ్డీలో అవతలి వైపు వెళ్ళినవాడు తిరిగి గీత చేరేదాకా ఒకే ఊపిరితో "కబడ్డీ కబడ్డీ" అని కూత పెట్టాలి. కూత తెగితే అవుటే. మంజునాథ్ కూత ఈమధ్య సగంలోనే తెగుతోంది. చలి అన్నాడు, దుమ్ము అన్నాడు. నోట్లో ఎప్పుడూ సోంపు. రత్నమ్మ మైదానం అంచున కళ్ళు మూసుకుని నిలబడి వింది. కూత చివర సన్నగా గరగర వినిపించింది.

"ఎన్నాళ్ళ నుంచి తాగుతాండావు రా సిగరెట్టు?"

"లేదమ్మా..."

"ఊరికే సుమ్నే అబద్ధాలాడొద్దు. నీ నోరు సోంపు తింటాది, నీ ఊపిరి తింటాదా?"

వాడు తల వంచుకున్నాడు. దసరా సెలవుల నుంచి అన్నాడు.

"ఈ వయసులో ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతా ఉంటాయంట రా. పొగ పడితే సరింగా పెరగవంట. పిల్లోళ్ళకు అలవాటు కూడా బేగ పట్టుకుంటాదని మా ఫ్యాక్టరీ డాక్టరమ్మ చెప్పింది."

ఎంపికకు ఆమె జట్టులో వాడి తర్వాత బాగా ఆడే మునిరాజు పేరు పంపింది.

"సొంత కొడుకు కదే!" అన్నాడు మునిస్వామి.

"కొడుకని పంపితే మునిరాజుకి అన్యాయం కదా," అంది. అని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ పూట సాంబారులో ఉప్పు లేదు. ఆ సంగతి ఎత్తే ధైర్యం ఇంట్లో ఎవరూ చేయలేదు.

మంజునాథ్ ఎంపికలు చూసి వచ్చి, జేబులోని సిగరెట్టు పెట్టె మోరీ కాలవలో పారేశాడు. తల్లితో మాటలు మానేశాడు. దగ్గు, చిరాకు, కనబడినవాళ్ళందరి మీదా కసుర్లు. ఇల్లంతా వాడితో పాటే సిగరెట్లు మానేసినట్టుండేది. కొన్ని వారాలకు ఒక పొద్దున వాడు స్నానం చేస్తుంటే బచ్చలింట్లోంచి "కబడ్డీ కబడ్డీ" వినిపించింది. రత్నమ్మ పొయ్యి మీద దోసె మాడ్చేసింది.

వేసవి సెలవుల్లో వాడే వచ్చి మైదానంలో నిలబడ్డాడు.

"అమ్మా, నేను కూతకొస్తా. నువ్వు పట్టు."

వచ్చాడు. రత్నమ్మ చీలమండ దొరకబుచ్చుకుంది. మంజునాథ్ దభీమని బోర్లా పడ్డాడు. పడ్డా కూత ఆపలేదు. మొహం మట్టిలో, చెయ్యి గీత వైపు, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉన్నాడు.

"వదిలెయ్యక్కా, వాని మొహం ఎర్రగైపోయుండాది!" అని మునిరాజు అరిచాడు.

రత్నమ్మ వదల్లేదు. కళ్ళ నీళ్ళు కారుతున్నా నవ్వుతోంది.

"ఉండప్పా, ఇంకొంచేపు విననీ!"