గులకరాళ్ల బాట దగ్గర చెప్పులు

దయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. లైబ్రరీ నుంచి తెచ్చుకుని దుప్పట్లో దూరి చదివేదాన్ని. అవన్నీ కల్పితాలని తెలుసు కనుకే అంత హాయిగా చదవగలిగాను. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా గాలి సోకిందనో, ఎవరో కనబడ్డారనో చెప్తే లోలోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నిరూపించడానికి ఇది రాయడం లేదు. నేను ఒక పొద్దున చూసింది, విన్నది ఉన్నదున్నట్టు చెప్పాలని రాస్తున్నాను. నా మాట నమ్మి ఒక ఇల్లు ఎంత నష్టపోయిందో కూడా చెప్పకపోతే ఇది సగం చెప్పినట్టే అవుతుంది.

మా కాలనీ మిర్యాలగూడ బయట, వేములపల్లి వైపు ఉంటుంది. ఇళ్లు అయిపోయిన చోట చిన్న పార్కు, పార్కును ఆనుకుని సాగర్ కాలువ కట్ట. కట్ట మీద చాలా దూరం నడవొచ్చు. వానాకాలంలో కాలువకు నీళ్లు వదిలారంటే చూడటానికి కాలనీ అంతా వచ్చి నిలబడుతుంది. బతుకమ్మ రోజుల్లో పార్కు నిండా తంగేడు పూల రేకులు రాలి ఉంటాయి. చలికాలం పొద్దున మంచులో కాలువ కనబడదు, చప్పుడే వినబడుతుంది. ఎండాకాలం నీళ్లు ఆపేస్తే పిల్లలు కాలువ అడుగున క్రికెట్ ఆడతారు, కట్టంతా వేపపూత వాసన. ఏ కాలంలోనూ నేనూ అమ్మా నడక మానలేదు. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి పరీక్షలకు చదువుకుంటున్న నాకు బయటి లోకమంటే ఆ పార్కే.

పార్కులో ఎనిమిది అంకె ఆకారంలో గులకరాళ్లు పరిచిన బాట ఒకటి ఉంది. దాని మీద వట్టి కాళ్లతో నడిస్తే షుగరు, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని అందరి నమ్మకం. బాట మొదట్లో చెప్పులు విడిచి లోపలికి పోతారు. నడక అయ్యాక కొందరు అట్లాగే వట్టి కాళ్లతో కాలువ మెట్ల దాకా పోయి, కాళ్లు కడుక్కుని, వెనక్కి వచ్చి చెప్పులేసుకుంటారు. మాటల్లో పడి మరిచిపోయి ఇంటికి పోయేవాళ్లు కూడా ఉంటారు. అందుకే అక్కడ ఏ వేళకైనా ఒకటి రెండు జతలు మిగిలే ఉంటాయి. వాచ్‌మన్ సైదులు గేటు వేసేటప్పుడు వాటిని తన గదిలో చీపుర్ల పక్కన పడేస్తాడు. అడిగిన వాళ్లకు ఇస్తాడు.

నేను మనుషుల ముఖాల్లోకి చూడలేను. తల దించుకునే నడుస్తాను. "మనుషులతోని మాట్లాడవు, నేలతోనన్న మాట్లాడవే" అని అమ్మ ఎగతాళి చేస్తుంది. దానివల్ల పార్కుకు వచ్చేవాళ్లను నేను పాదాలతో గుర్తుపడతాను. ఎవరి మడమలు పగిలాయో, ఎవరి మట్టెలు అరిగాయో నాకు తెలుసు.

నర్సింహ చిన్నాయన పాదాలు వేలమందిలోనైనా పోల్చుకోగలను. ఆయన మాకు చుట్టం కాదు, మా పక్కింటాయన. రైస్ మిల్లులో పని. ఎడమకాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంటుంది. షుగరు వచ్చినప్పటి నుంచి పూటపూటా రాళ్ల మీద నడిచేవాడు. ఎదురుపడితే జాగ్రత్త చెప్తూ నాతో ఒక్కటే మాట అనేవాడు, "పైలం బిడ్డా" అని. నేను జవాబు చెప్పకపోయినా తప్పు పట్టని మనిషి ఆయనొక్కడే.

అది చలికాలం. యాసంగి పంటకు వదిలిన నీళ్లతో కాలువ నిండుగా పోతోంది. ఆ పొద్దున మంచు బాగా కురిసింది. అమ్మ రోజూ తనతో నడిచే ఆడవాళ్లతో సిమెంటు బాట మీద పోయింది. నేను చెప్పులు విడిచి రాళ్ల బాట ఎక్కాను. కొంచెం దూరం పోయాక నా ముందు రెండు పాదాలు కనబడ్డాయి. ఎడమకాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది. మెల్లగా, రాళ్లు గుచ్చుకుంటున్నట్టు నడుస్తున్నాడు. దాటి పోవడం బాగుండదని నేనూ నెమ్మదించాను.

ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు, "బిడ్డా, నా చెప్పులు ఆడనే ఉన్నయా, జర సూడు."

ఎప్పటి గొంతే. నేను వెనక్కి తిరిగి చూశాను. బాట మొదట్లో నావి తప్ప ఇంకే చెప్పులూ లేవు. "లేవు చిన్నాయనా" అన్నాను. నా నోటి నుంచి ఆ మాత్రం రావడమే గొప్ప. మళ్లీ ముందుకు తిరిగేసరికి ఆయన లేడు. కాళ్లు కడుక్కోవడానికి మెట్ల వైపు పోయాడనుకున్నాను. చెప్పులు ఎవరో వేసుకుపోయారని జాలిపడ్డాను. అంతకుమించి ఏమీ అనిపించలేదు. ఒళ్లు జలదరించలేదు, కుక్కలు ఏడవలేదు. కథల్లో ఉండేవేవీ లేవు.

మేం ఇంటికి వచ్చేసరికి చిన్నాయన భార్య పద్మ చిన్నమ్మ మా గేటు దగ్గరే నిలబడి ఉంది. చుట్టూ వాడకట్టు వాళ్లు నలుగురైదుగురు.

"నిన్న పొద్దుగూకంగ వాకింగని పోయిండు వదినా, ఇంక రాలే" అంది అమ్మతో. "మిల్లుల లోడింగ్ ఉన్నదేమో, గాడనే పండుకున్నడనుకున్న. పొద్దున ఫోన్ జేస్తే మిల్లుకు అసలే రాలేదంటున్రు."

మగవాళ్లలో ఒకాయన కాలువ సంగతి ఎత్తాడు. ఈత వచ్చిన వాళ్లను పిలిపించి మెట్ల నుంచి కింది దాకా చూపిద్దామన్నాడు. చిన్నమ్మ ముఖం పాలిపోయింది. అది చూసి, ఎన్నడూ నలుగురిలో నోరు తెరవని నేను తెరిచాను.

"చిన్నాయన పార్కుల ఉన్నడు. ఇప్పుడే నాతోని మాట్లాడిండు."

అందరూ నా వైపు తిరిగారు. చెప్పుల మాట కూడా చెప్పాను. చిన్నమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడింది. తర్వాత నవ్వింది.

"సూసిండ్రా. నన్ను ఊరంత తిప్పి ఆయన రాళ్ల మీద తైతక్కలాడుతుండు. మొన్న పెండ్లిల లడ్డూలు తిన్నవని నాలుగు మాటలన్న. గందుకే అలిగిండు. రానియ్యి, ఇయ్యాల అన్నం పెడితే నా పేరు పద్మ గాదు."

"ముసలోనికి అలకలేంది" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధాలాడే పిల్ల కాదని, అసలు మాట్లాడే పిల్లే కాదని అందరికీ తెలుసు. అందుకే నమ్మారు. కాలువలో వెతకడం ఆగిపోయింది.

ఆయన మధ్యాహ్నం రాలేదు, రాత్రి రాలేదు. ఒకాయన పార్కు, కట్ట చుట్టి వచ్చి ఎక్కడా కనబడలేదన్నాడు. అలిగి త్రిపురారంలో చెల్లెలింటికి పోయి ఉంటాడనుకున్నారు. అక్కడా లేడు. కోదాడలో కూతురింటికి ఫోన్ చేశారు. బస్టాండు, రైల్వే స్టేషను చూశారు. పోలీసు స్టేషన్లో కూడా పొద్దున పార్కులో కనబడ్డాడనే రాయించారు. బతికున్న మనిషి పోయే చోట్లన్నీ వెతికారు.

చిన్నమ్మ రోజూ మా ఇంటికి వచ్చి నా ముందు కూర్చునేది. "ఇంకోసారి జెప్పు బిడ్డా. ఎట్ల నడిసిండు? కాళ్లు తడబడ్డయా?" నేను చెప్పేదాన్ని. ఆమె విని, ఆ ధైర్యంతో ఇంటికి పోయి పొయ్యి వెలిగించేది. ఇద్దరికీ వండేది. నేను రాత్రి డైరీ తీసి, ఏమీ రాయకుండానే మూసేదాన్ని.

వట్టి కాళ్లతో ఎక్కడ తిరుగుతున్నాడోనన్న బెంగతో ఒకరోజు ఆమె చెప్పుల ఆరా తీయడానికి పార్కుకు బయలుదేరింది. తోడుగా నన్ను తీసుకుపోయింది. సైదులు గది తలుపు తీసి, చీపుర్ల పక్క నుంచి ఒక జత బయటికి తెచ్చాడు. గోధుమరంగు తోలు చెప్పులు, ఒకదానికి పట్టీ కుట్టించింది.

"ఇవేనా అక్కా? గేటేసేటప్పుడు ఉన్నయి, తీసి లోపల పెట్టిన."

"ఎప్పుడు?"

"ఆయన ఇంటికి రాలేదని మీరంత పరేషాన్ అయిన్రు గద, దాని ముందురోజు రాత్రి."

"తెల్లారి ఆయన పార్కుకొచ్చిండు సైదులూ. ఈ పిల్లతోని మాట్లాడిండు."

సైదులు నా వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు. "ఆ పొద్దున గేటు తీసింది నేనే అక్కా. మంచని ఎవ్వలు రాలే. మొదలొచ్చింది ఈ అమ్మాయి, వాళ్లమ్మ, ఇంకో ఇద్దరు ఆడోళ్లు. ఆయన్ని నేను సూడలే."

ఇంకే ఊళ్లోనైనా కాలువ పక్కన విడిచిన చెప్పులు దొరికితే ఆ రాత్రే కేకలు పడేవి. మా పార్కులో మరిచిపోయిన చెప్పులు మామూలు. అందుకే ఎవరికీ ఏమీ తోచలేదు.

మరునాడు చిన్నమ్మ తమ్ముడు మోటారు సైకిలు మీద కాలువ వెంట దిగువకు పోయాడు, షట్టరు షట్టరు దగ్గరా ఆగి అడుగుతూ. కోదాడ వైపు ఒకచోట షట్టర్లు చూసుకునే లష్కర్ చెప్పాడు. ఒక చలి పొద్దున, ఇంకా పూర్తిగా తెల్లారకముందే, షట్టరుకు తట్టుకుని ఒక మగమనిషి శవం కనబడిందని, పోలీసులు వచ్చి తీసి సూర్యాపేటకు పంపారని. ఏ రోజని అడిగితే అతను చెప్పిన తేదీ మా పార్కులో మంచు కురిసిన రోజే. జిల్లా వేరు, స్టేషను వేరు. మావాళ్లు బతికున్న మనిషి కోసం తిరుగుతుంటే, అక్కడ పేరు లేని శవం కోసం ఎవరూ రాలేదు.

మేం సూర్యాపేట దవాఖానకు పోయేసరికి ఆలస్యమైంది. ఎవరూ రాని శవాన్ని కొద్దిరోజులే ఉంచుతారట. ముందురోజే పాతిపెట్టారు. మిగిలినవి కానిస్టేబుల్ ఫోన్లో ఫొటోలు. ముఖం చూసి చిన్నమ్మ కాదంది. ఆశగా, గట్టిగా కాదంది. నీళ్లకు, షట్టరుకు ఆ ముఖం గుర్తుపట్టరాకుండా అయింది. కానిస్టేబుల్ ఇంకో ఫొటో తీశాడు. అందులో పాదాలు.

ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది. ఫోను నా చేతికి ఇచ్చింది. ఎడమకాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉంది.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. "మంచుల ఇంకెవర్నో సూసినవ్ బిడ్డా" అన్నారు పెద్దవాళ్లు. కాళ్లు కడుక్కోబోయి పాచి మెట్ల మీద జారి ఉంటాడని పోలీసులు రాశారు. కావచ్చు. మంచులో నేను ఇంకెవరినో చూసి ఉండొచ్చని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. రోజు పొరపాటు పడ్డానేమోనని కూడా ఆలోచించాను. కానీ చూసి ఇంటికి వచ్చిన గంటలోపే ఆ మాట అందరి ముందూ చెప్పాను. పైగా విడిచిన చెప్పులను రాత్రే బాట దగ్గర నుంచి తీసేసిన సంగతి అప్పటికి సైదులుకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియని చెప్పుల గురించి నన్ను అడిగిందెవరు? 

దానికన్నా బరువైన మాట ఇంకోటి ఉంది. నేను నోరు విప్పకపోతే ఆ పొద్దునే కాలువ వెంట పోయేవాళ్లు. చిన్నమ్మ ఆయన్ను కడసారి కడిగి, బట్ట కప్పి పంపేది.

దినాలయ్యాక ఆమె ఒక పొద్దున చెప్పులు కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. కవరు నా చేతికిచ్చింది.

"నిన్నే అడిగిండు గద బిడ్డా. నన్నడగలే. నువ్వే ఆడ పెట్టు."

అందులో కోపం ఉందో, ప్రేమ ఉందో ఇప్పటికీ చెప్పలేను. నేను పార్కుకు పోయి వాటిని బాట మొదట్లో పెట్టాను. లోపలి నుంచి వచ్చేవాళ్లు వేసుకోవడానికి వీలుగా, మడమల వైపు బాటకు తిప్పి పెట్టాను. సైదులు చూశాడు. ఊడ్చేటప్పుడు వాటి చుట్టూ ఊడుస్తాడు. రాత్రి గేటేసేటప్పుడు అన్ని చెప్పులూ లోపల పెడతాడు, వాటిని ముట్టుకోడు.

ఎండాకాలం కాలువ ఎండిపోయింది. మెట్ల మీది పాచి నల్లగా పొరలు లేచింది. పిల్లలు అడుగున క్రికెట్ ఆడారు. వానలు పడ్డాయి, నీళ్లు వదిలారు, కాలనీ అంతా చూడటానికి వచ్చింది. చిన్నమ్మ రాలేదు. చెప్పుల తోలు బిగుసుకుని వంకరపోయింది. పట్టీ కుట్టు తెగింది.

నేను ఇప్పటికీ పోతున్నాను. మంచు కురిసిన రోజుల్లో అమ్మ వద్దన్నా పోతాను. రాళ్ల బాట ఎక్కి, తల దించుకుని, ముందు పాదాలేమైనా కనబడతాయేమోనని నడుస్తాను. ఒకచోట ఆగి వెనక్కి తిరిగి చూస్తాను.

ఆడనే ఉన్నయి, చిన్నాయనా.

ఈసారి గట్టిగానే చెప్తాను. అడిగేవాళ్లే ఎవరూ లేరు.