దిగేటప్పటి లెక్క

కిందటి ఫిబ్రవరి పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిదీ పది. పెనుమూడి వంతెన పక్కన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బాపట్ల నుంచి వచ్చిన శ్రావణి నా కొంగుకు చిన్న మైకు తగిలించింది. అప్పుడే గాలి తిరిగి, ఒడ్డున బోర్లించిన పడవకు ఎవరో పూస్తున్న తారు వాసన వచ్చింది. అరవై నాలుగేళ్ళ కిందట, ఇదే వాసనలో, మా కరుణమ్మ టీచరుగారు తెల్లచీర కుచ్చెళ్ళు తారుకు తగలకుండా ఎత్తిపట్టుకుని పడవెక్కేవారు.

శ్రావణి చూడదగ్గ ఊళ్ళ మీద వీడియోలు తీస్తుంది. సూర్యలంక బీచికి వచ్చేవాళ్ళను రేపల్లె వైపుకూ రప్పించాలని తాపత్రయం. ఈ వీడియో నచ్చితేనే మిగతా ఊళ్ళ పని కూడా ఇస్తామని టూరిజం ఆఫీసువాళ్ళు అన్నారట.

"మామ్మగారూ, వంతెన రాకముందు ఈ రేవులో వంద పడవలుండేవని చెప్పండి, చాలు."

"నేను చూసినవి నాలుగమ్మా."

"నాలుగంటే ఎవరొస్తారండీ? అయినా ఇప్పుడు ఎవరు లెక్కపెడతారు?"

ఆ మాటకు నేను కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాను. తర్వాత టీచరుగారి సంగతి చెప్పాను.

ఆవిడ రేపల్లె నుంచి ఈ పెనుమూడిలోని మా బడికి వచ్చేవారు. చర్చిలో పాడే గొంతుతోనే మాకు ఎక్కాలు చెప్పేవారు. ఏడాదికోసారి పిల్లలందరినీ పడవలో నది అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళేవారు. పడవెక్కేటప్పుడు ఒకసారి, దిగాక ఒకసారి, ప్రతి తలమీదా చెయ్యివేసి లెక్కపెట్టడం ఈ రేవు పద్ధతి. నేను ఐదో తరగతిలో ఉండగా, లెక్కల్లో చురుకని ఆ పని నాకిచ్చారు. వెళ్ళేటప్పుడు ముప్పై ఒక్కమంది. తిరుగు పడవలో తోపులాట ఎక్కువై, ఎలాగూ అంతే కదా అని లెక్కపెట్టకుండానే హాజరు పుస్తకంలో ముప్పై ఒకటి రాసేశాను. ఇవతల దిగాక టీచరుగారు అందరినీ ఒకసారి చూసి, "మరియమ్మేదే?" అన్నారు.

అదే పడవలో ఆవిడ వెనక్కి వెళ్ళారు. నేను ఒడ్డున గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మరియమ్మ తల్లి వచ్చి నా పక్కనే నిలబడింది. తిట్టినా బాగుండేదనిపించింది.

మరియమ్మ ఒళ్ళో రేగుపళ్ళతో దిగింది. "ముప్పై ఒకటి రాసేసిందిగా టీచరుగారండీ, నేను రాకపోయినా సరిపోయేది," అంది. ఎవరూ నవ్వలేదు.

"ముందు దీన్ని లెక్కపెట్టు," అన్నారు టీచరుగారు. దాని తలమీద చెయ్యివేసి ఒకటి అన్నాను. "లెక్క తప్పితే దిద్దుకోవచ్చు భారతీ. పెట్టని లెక్కను ఎవరు దిద్దుతారు?" పుస్తకం లాక్కుంటారనుకున్నాను. నా చేతిలోనే పెట్టి, "రేపట్నుంచి హాజరు కూడా నువ్వే," అన్నారు. ఆ తర్వాత తెనాలిలో ఒక ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు రాసే పని చేశాను. చూడకుండా ఒక్క అంకె వెయ్యలేదు.

"నీ పని పోతుందేమో తెలియదమ్మా. పడవలు మాత్రం నాలుగే," అన్నాను శ్రావణితో.

శ్రావణి మైకు తీసేస్తుందనుకున్నాను. "తలలు ఎలా లెక్కపెట్టేవారో చూపిస్తారా?" అంది. లేచి ఆమె తలమీద చెయ్యి వేశాను. తర్వాత కెమెరా అతను, బట్టలుతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు. తారు పూస్తున్నతను నల్లటి చేతులు వెనక్కి పెట్టుకుని తల వంచాడు. "నన్నూ రాసుకోండి మామ్మగారూ, ఎక్కడికీ పోకపోయినా," అన్నాడు. ఐదుగురు.

నెల తర్వాత ఫోను చేసింది. "మిగతా ఊళ్ళు కూడా ఇచ్చారండీ. అందరూ తలల లెక్క గురించే అడుగుతున్నారు." పోయిన ఆదివారం పద్నాలుగు మందిని తీసుకొచ్చింది. నేను తెనాలి నుంచి బస్సులో వెళ్ళి, పడవెక్కేటప్పుడు లెక్కపెట్టాను. దిగాకా లెక్కపెట్టాను.

పోయినవి: నేను చూసిన పడవలు నాలుగు. వరదకు రేవు మెట్లు తొమ్మిది. హాజరు పుస్తకం ఒకటి. టీచరుగారు. రేవు దాటిస్తూ పోగొట్టుకున్న పిల్లలు, సున్న.