పిల్లి తోక, ఫైలు తోక

తోక బాబాయికి దేన్నీ మొదటినుంచి మొదలుపెట్టే అలవాటు లేదు. నవల చేతికొస్తే ముందు హంతకుడెవరో తెలుసుకుని, ఆ తర్వాత తీరిగ్గా హత్య దగ్గరికి వస్తాడు. ఫోనెత్తి "సరే, ఉంటాను" అని, ఆనక "బాగున్నావా?" అంటాడు. ఇంట్లో పోట్లాటైతే ముందు క్షమాపణ చెప్పేసి, తర్వాత తిట్టడం మొదలుపెడతాడని పిన్నిగారి ఫిర్యాదు.

కంప్యూటర్ దొంగల ఆట కట్టించే ఆ ఆఫీసులో పనితనానికి ఆయనే పెద్ద తలకాయ, ఉద్యోగాలిచ్చేది మాత్రం మేనేజర్ మేడమ్. కొత్తమ్మాయికి శిక్షణ ముగిసిందని ఆఖరి పరీక్షగా ఒక వీడియో ఇచ్చాడు. అందులో దాచినదాన్ని సాయంత్రంలోగా బయటికి తీస్తే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. అమ్మాయి పాత ఉద్యోగం వదులుకుని మరీ వచ్చింది. మేడమ్ అయితే, "ఆ పిల్లకి నోట్లో నాలుక లేదు, మనకి పనికిరాదు" అని ఎప్పుడో తేల్చేసింది.

వీడియోలో ఆఫీసు పిల్లి కిటికీలో నిద్రపోతోంది. అంతే! అమ్మాయి ఒక్కొక్క బొమ్మనీ విడదీసి చూసింది. శబ్దాన్ని వెనక్కి తిప్పి వింది. పిల్లి గురక ఎటునుంచి విన్నా ఒకేలా ఉంది.

"బాబాయ్‌గారూ, ఒక్క ఆధారమైనా ఇవ్వండి!"

"తోక చూడమ్మా" అని ఆయన చక్కాపోయాడు.

అమ్మాయి చూసింది. తోక కదులుతోంది! ఎడమకి ఊగితే చుక్క, కుడికి ఊగితే గీత అనుకుని, టెలిగ్రాం భాషలో రాసుకుంటూ కూర్చుంది.

"ఏమంటోంది పిల్లి?" అంది మేడమ్, వెనక నిలబడి.

"ఇప్పటిదాకా 'ఈ, ఈ, టీ' అందండీ."

"టీ అడుగుతోందేమో, ఇప్పించు."

అప్పుడే వచ్చిన బాబాయి తెర చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పిల్లిది కాదు తల్లీ, ఫైలుది!"

అమ్మాయికి బుర్ర వెలిగింది. చిన్న వీడియోకి ఫైలు అంత బరువేమిటని పొద్దున్నే అనుకుంది గానీ, బాబాయి ఏదో పిల్లి బొచ్చులో దాచాడనుకుంది. ఇప్పుడు ఫైలు చివరికి వెళ్ళి చూస్తే, వీడియో అయిపోయాక కూడా సమాచారం ఉంది. ప్లేయర్ అక్కడిదాకా పోకుండానే ఆగిపోతోంది. ఆ మిగులు ముక్కని కోసి, విడిగా తెరిచింది.

అది ఇంకో వీడియో. మేడమ్ గదిలోని కెమెరా తీసిన తన ఇంటర్వ్యూ! "ఇక నువ్వు వెళ్ళొచ్చు" అని మేడమ్ హడావిడిగా బయటికి పోతోంది. బాబాయి ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. తెరమీది అమ్మాయి గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"సార్, మేడమ్ కంప్యూటర్‌కి అంటించిన కాగితం మీద పాస్‌వర్డ్ ఉంది. కెమెరాలో పడుతోంది. ఆవిడ ముందే చెబితే చిన్నబుచ్చుకుంటారని ఆగానండీ."

మేడమ్ మొహం ఎర్రబడింది. "ఇది నాకెందుకు చూపించలేదు?"

"అప్పుడే పంపాను మేడమ్. మీరు మొదట్నించీ చూడ్డం మొదలెట్టి మధ్యలో ఆపేశారు" అన్నాడు బాబాయి. "జనం అసలు మాట లేచి వెళ్ళేటప్పుడే చెబుతారు. అందుకే నేను చివరిదాకా కూర్చుంటాను."

ఈయన పెట్టింది పరీక్ష కాదు, తన తరఫున వకాల్తా అని అమ్మాయికి అర్థమైంది. ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"సరే, ఉద్యోగం నీదే" అంది మేడమ్. "ఇంకేమైనా చెప్పాలా?"

అమ్మాయి గొంతు సవరించుకుంది. "ఆ కాగితం ఇంకా అక్కడే ఉందండీ."

మేడమ్ తన గదివైపు పరుగెత్తింది.