జూలై పరీక్ష

లైల్ హ్రబోవ్‌స్కీ పదకొండేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ ఆటను తలకిందులుగానే చూశాడు. జట్టు మధ్యలో నడుం వంచి, కాళ్ల సందులోంచి వెనకవాడికి బంతి అందించడం అతని పని. అందించి తల ఎత్తేలోపే ఎదుటి జట్టులోని నూటయాభై కిలోల మనిషి వచ్చి మీద పడతాడు. ఒక్కో ఆటలో అరవై సార్లు. జనం కళ్లన్నీ బంతి వెంట పోతాయి. మైకులో లైల్ పేరు వినపడిందంటే ఏదో తప్పు చేశాడన్నమాటే. అతనికి దాని గురించి చింత లేదు. తన వెనక నిలబడ్డవాడు మూడు క్షణాలు నింపాదిగా చూసి బంతి విసిరాడంటే, ఆ మూడు క్షణాలూ తను గోడ కట్టి ఇచ్చినవే. ఆదివారం సాయంత్రం ఒళ్లంతా పచ్చిపుండై ఇంటికి చేరినా ఆ తృప్తి ఒక్కటీ చాలేది.

ఏటా జూలైలో, సాధన మొదలయ్యే ముందు, జట్టంతా కంప్యూటరు ముందు కూర్చుని ఒక పరీక్ష రాయాలి. తెర మీద పన్నెండు మాటలు ఒక్కొక్కటిగా వచ్చి పోతాయి. కాసేపటికి అవేమిటో చెప్పాలి. ఆ లెక్క దాచి ఉంచుతారు. ఆటలో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెడతారు. జూలై కంటే బాగా తగ్గిందా, వైద్యులు హెల్మెట్ లాక్కుని కూర్చోబెడతారు. అందుకని పాతకాపులు జూలైలో కావాలని తప్పులు రాస్తారు. ఆ కిటుకు లైల్‌కి నేర్పింది అతని కంటే ముందు అదే చోట ఆడిన బాయిడ్ కెస్లర్.

"ఎనిమిది గుర్తుంచుకో, నాలుగు పారెయ్యి. ఎనిమిదికి మించి చెప్పావో, తర్వాత నీ కొంప నువ్వే ముంచుకున్నట్టు" అన్నాడు బాయిడ్ మొదటి ఏడే.

ఆ బాయిడ్ ఫిబ్రవరిలో పోయాడు. ఖననం అయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. బాయిడ్ భార్య ఆర్లీన్ లైల్ పళ్లెంలో బంగాళదుంపల కూర వడ్డిస్తూ మామూలు గొంతుతోనే చెప్పింది.

"చివరి రెండేళ్లూ నన్ను పనిమనిషి అనుకున్నాడయ్యా. ముద్ద పెట్టినప్పుడల్లా థాంక్స్ చెప్పేవాడు. మంచి మర్యాదస్తుడు."

పక్కనే కూర్చున్న నోరీన్ ఆ మాట విన్నది. లైల్ భార్య ఆమె. ఆ రోజునుంచీ పరీక్షలో నిజం రాయమని అతన్ని వదల్లేదు. జూలై పరీక్ష రోజు పొద్దున గుడ్లు వేయిస్తూ మళ్లీ ఎత్తింది.

"ఈ ఒక్కసారి నిజం రాయి లైల్."

"రాస్తే మొదటి దెబ్బకే ఇంట్లో కూర్చోవాలి."

"కూర్చో. నేను వద్దన్నానా?"

"పోయినేడు కప్పు దాకా వెళ్లి ఓడాం నోరీన్. ఇంకొక్క ఏడు, అంతే."

"మొన్న పొయ్యి మీద గిన్నె పెట్టి షెడ్డులోకెళ్లి కూర్చున్నావు. అడుగంటి ఇల్లంతా పొగ. నిన్న నన్నే అడిగావు గిన్నె ఏమైందని."

లైల్ గుడ్లు సగంలో వదిలేసి లేచాడు.

పరీక్ష గది బయట టెవీటా గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆరేళ్లుగా ఆటలో అతని భుజం పక్కన భుజం వేసి నిలబడేది ఈ టెవీటాయే.

"రా ముసలాయనా! ఎక్కువ మార్కులు తెచ్చుకుని మా పరువు తియ్యకు."

"నీకున్న బుర్రకి నువ్వు అబద్ధం రాయనక్కర్లేదులే."

ఇద్దరూ నవ్వుకున్నారు. లైల్ లోపలికెళ్లి కూర్చున్నాడు. మాటలు వచ్చి పోయాయి. గొడుగు, వంతెన, నిమ్మకాయ... వేటిని పారెయ్యాలో అప్పుడే అనుకున్నాడు. కాసేపయ్యాక తెర అడిగింది. గొడుగు కొట్టాడు. వంతెన, నిమ్మకాయ, సుత్తి, ఉత్తరం. ఇక పారెయ్యాల్సిన నాలుగింటి కోసం వెతికాడు. ఏమీ లేవు. చెప్పాల్సిన మిగతా మూడూ లేవు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. గడువు అయిపోయి తెర ఖాళీ అయింది.

జట్టు ఒంటి బాగోగులు చూసే హోబర్ట్ కాగితం తీసి చూశాడు.

"కొంచెం తగ్గిందిలే, ఎప్పుడూ ఉండేదేగా. నీ అంత నిలకడైన మొద్దుని నేను చూడలేదురా బాబూ. ఇదిగో, సంతకం పెట్టు."

కలం చేతికిచ్చాడు. బయట టెవీటా తలుపు కొడుతున్నాడు. సంతకం పెడితే చాలు, రేపటినుంచి మైదానం. ఎవరికీ తెలియదు. తెలిసే దారిని తనే పదకొండేళ్లుగా మూసుకుంటూ వచ్చాడు.

"హోబర్ట్, పాత లెక్కలన్నీ అబద్ధం."

"అందరివీ అంతేగా. నాకు తెలీదనుకున్నావా?"

"ఈసారిది నిజం."

హోబర్ట్ ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. మెల్లగా చేయి చాచి కలం వెనక్కి తీసుకున్నాడు.

బయటికొచ్చాక టెవీటా ఏదో అడుగుతున్నా లైల్ ఆగలేదు. బండి దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"నిజం రాశాను. రాద్దామని కాదు నోరీన్, అదే వచ్చింది. హోబర్ట్‌కి చెప్పేశాను."

అటునుంచి పొయ్యి ఆపిన చప్పుడు వినపడింది.

"ఎన్ని చెప్పావు?"

"ఐదు."

"తాళంచెవి జేబులో పెట్టెయ్యి. నువ్వు బండి తియ్యకు" అన్నది నోరీన్. "నేనే వస్తున్నా. అక్కడే ఉండు."