హిల్డా నాచు

హిల్డా కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇంటి ముందున్న పచ్చిక ఆమెది కాదు, మొగుడు వాల్టర్‌ది. కుర్చీ వేస్తే గడ్డి నలుగుతుందనేవాడు. బట్టలారేయాలన్నా ఆమె అంచు వెంట రాళ్ళ మీద నడవాల్సిందే. వసంతం వస్తే చాలు, నాచు మందు చల్లి, నాచు నల్లబడ్డాక ఇనుప పళ్ళ దంతె పుచ్చుకుని నడుం విరిగేలా గోకేవాడు. ఇంగ్లండులోని లాంకషైర్ కొండల్లో, ఎప్పుడూ ముసురు పట్టే ఆ మిల్లు వీధిలో, ఎండ మొహం చూడని వాకిట్లో నాచు ఊరుకుంటుందా? చలికాలానికల్లా మళ్ళీ తయారు. పాపం, ఆ మనిషి బతుకంతా గోకుడుకే సరిపోయింది.

వాల్టర్ పోయాక వచ్చిన వసంతంలో హిల్డా దంతె ముట్టుకోలేదు. చెప్పులు విడిచి నాచు మీదకు నడిచింది. మెత్తగా, చల్లగా ఉంది. వంటింటి కుర్చీ తెచ్చి నట్టనడుమ వేసుకుని టీ తాగింది. అంత సుఖం ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ ఎరగదు.

వీధికి మాత్రం కంటి మీద కునుకు లేదు. ఏటా వేసవిలో అందమైన వీధి పోటీ జరుగుతుంది. కిందటేడు పై వీధి వాళ్ళు కప్పు ఎగరేసుకుపోయారు. పక్కింటి క్లిఫర్డ్ ఈ వీధి తరఫున పెద్దమనిషి. వాల్టర్ ఆత్మ క్షోభిస్తుందని గోడ మీదుగా చెప్పి చూశాడు.

"క్షోభించనీ. ఇన్నాళ్ళూ ఆయన నేల. ఇప్పుడిది నాది," అంది హిల్డా.

"పోనీ, మందు నేనే చల్లి పెడతాలే. నీకెందుకు శ్రమ?"

"నా వాకిట్లో కాలు పెట్టి చూడు. అదే దంతెతో నీ వీపు గోకుతా."

ఈస్టర్‌కి చెల్లెలింటికి వెళ్ళి వచ్చేసరికి వాకిలంతా బొగ్గులా నల్లబడి ఉంది. హిల్డా ఇంటింటి తలుపూ తట్టింది. ఎవరి పనని అడిగితే అందరూ తమకు తెలీదన్నారు. క్లిఫర్డ్ అయితే తెగులేమోనన్నాడు.

ఆ మధ్యాహ్నమే వాన కురిసి వెలిసింది. నాచు మందులో ఉండేది ఇనుము. తడి తగిలితే రాతి మీద తుప్పు మరకై కూర్చుంటుంది. హిల్డా గేటు నుంచి, పోటీ కోసం క్లిఫర్డ్ కొత్తగా కట్టించుకున్న తెల్లరాతి మెట్ల దాకా బూటు జాడలు ఎర్రగా తేలాయి. అతను మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్ అరిగేలా తోముతున్నాడు. మరక కదిలితేగా!

హిల్డా నల్లబడ్డ నాచు మీదే కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది. చివరికి అతనే తలెత్తాడు.

"వాల్టర్ దీనికేం వాడేవాడు?"

"ఏమీ లేదు. పని కాగానే బూట్లు కడుక్కునేవాడు."

కొత్త గడ్డి నాటిస్తానని అతను బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. కప్పు మళ్ళీ పై వీధికే పోయింది. చలికాలానికల్లా నాచు ఎవరినీ అడక్కుండా తిరిగొచ్చింది. హిల్డా కోటు తొడుక్కుని దాని మీద టీ తాగుతుంటే, క్లిఫర్డ్ గేటు దగ్గర ఆగి తప్పయిపోయిందన్నాడు. లోపలికి రావచ్చా అని అడిగాడు.

"బూట్లు విప్పి రా," అంది హిల్డా.

మేజోళ్ళతో వచ్చి నాచు మీద నిలబడ్డాడు. కాసేపు తన కాళ్ళకేసే చూసుకున్నాడు. హిల్డా అతనికీ ఓ కప్పు టీ పోసిచ్చింది. రెండో కుర్చీ మాత్రం తేలేదు.