సూదికి అందని మచ్చ

లేత్ మిషన్ ముందు ముప్పై ఎనిమిదేళ్లు నిలబడ్డ ఆయన్ని వర్క్‌షాపులో అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. ఇనుప కడ్డీలో వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేసేవాడు. అలాంటి మనిషికి తన ఒంట్లో ఏముందో ఏడాదిపైగా తేలలేదు.

రక్తపరీక్షలో ప్రోస్టేట్ తేడాను చూపే పీఎస్ఏ అంకె ఎక్కువగా ఉందన్నారు. ప్రోస్టేట్ గ్రంథిలోంచి సూదితో పన్నెండు ముక్కలు తీసి, క్యాన్సర్ లేదన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ అంకె మళ్లీ పెరిగింది.

"ఇంకోసారి సూదంటే నావల్ల కాదు," అని మొండికేశాడు.

"ఈసారి ముందు ఎమ్మారై తీద్దాం. ఎక్కడ గుచ్చాలో తెలిశాకే గుచ్చుదాం," అంది డాక్టరమ్మ.

స్కానింగ్ గది బయట టెక్నీషియన్, ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా అని అడిగాడు. మేస్త్రి లేదనేశాడు. భార్య ఊరుకోలేదు.

"అదేంటండీ! కంట్లో ఇనుప రజను పడి ఆస్పత్రికి పరిగెత్తలేదూ?"

"పాతికేళ్ల కిందటి మాట. తీసేశారుగా."

టెక్నీషియన్ రాయడం ఆపేశాడు. "మంచిపని చేశారమ్మా. చిన్న రవ్వ మిగిలినా ఈ మిషన్లోని అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది. చూపుకే ముప్పు. ముందు కంటికి ఎక్స్‌రే తీయాలి."

ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదని తెలిశాకే మేస్త్రిని లోపలికి పంపారు. అరగంటపైన కదలకుండా పడుకుని బయటికొచ్చాడు.

"బేరింగు పోయిన మిషను కూడా ఇంత గోల చేయదు," అన్నాడు భార్యతో.

నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ తెర మీద గ్రంథి ముందుభాగంలో ఒక మచ్చ చూపించింది. పోయినసారి సూదులు అంత లోపలికి వెళ్లలేదట.

మేస్త్రి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఎన్ని మిల్లీమీటర్లు?"

"తొమ్మిది. గ్రంథి దాటినట్టు లేదు. క్యాన్సరో కాదో మాత్రం ముక్క తీసి చూడాలి."

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు, భార్య ఆశ్చర్యంగా చూస్తుండగా.

గురిచూసి తీసిన ముక్కల్లో క్యాన్సర్ బయటపడింది. మర్నాడు ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. అది అయిన మూడు నెలలకి చేసిన పరీక్షలో పీఎస్ఏ దాదాపు లేనట్టే వచ్చింది. తుమ్మితే మూత్రం జారి బట్టలు తడుస్తున్నాయని కొన్నాళ్లు సిగ్గుపడ్డాడు. అదీ మెల్లగా తగ్గుతోంది.

తిరిగి పనిలో చేరిన వారమే తమ్ముడికి ఫోన్ చేశాడు.

"నాకేం రోగం అన్నయ్యా? గుండ్రాయిలా ఉన్నాను."

"నేనూ అలాగే ఉన్నాన్రా. అన్నకొస్తే తమ్ముడికీ వచ్చే అవకాశం ఎక్కువట. సోమవారం పరీక్షకి రక్తం ఇద్దువుగాని, నేనొస్తా తోడు."

తమ్ముడు కాసేపు నసిగి, ఎన్నింటికని అడిగాడు.