గుండీలక్క ఆటలో ఖాళీ గడి

కుట్టుమిషను పక్కన పెరిగిన పిల్ల కాబట్టి ఆమె సంచిలో ఎప్పుడూ గుండీలుండేవి. దర్జీ పనిలో మిగిలిన జత కుదరని గుండీలన్నీ అమ్మ ఆమెకిచ్చేసేది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, శనివారం మధ్యాహ్నాలు దగ్గర్లోని బడిలో పిల్లలకు ఆటలు తయారుచేయడం నేర్పసాగింది. గుండీలే పావులు. పిల్లలు ఆమెను గుండీలక్క అన్నారు.

బట్టల తాను లోపలుండే అట్ట మీద స్కేలు పెట్టి గడులు గీయించేది. గీత వంకరపోతే ఇంకో అట్ట తీయించేది. పాచికలో పడినన్ని గడులు పావును జరపాలి. ఎదుటి పావు వచ్చి కొట్టిన పావు డబ్బాలోకి పోవాలి. పావులన్నీ పోయినవాళ్లు ఓడినట్టు. అయితే ఓడినవాళ్లకే ఆ అట్ట మీద ఒక రూలు మార్చే హక్కు. ఇంకెవరూ, టీచరు కూడా, రూలు ముట్టుకోకూడదు. ఆ పద్ధతి పెట్టాక ఓడి ఏడ్చే పిల్లలు తగ్గారు.

తరగతిలో ఒకమ్మాయిని అందరూ ముంగి అనేవారు. వానల్లో అన్న జ్వరంతో పోయాక ఆ పిల్ల బళ్లో నోరు విప్పలేదు. "నీ దగ్గరైనా నాలుగు మాటలు మాట్లాడుతుందేమో చూడమ్మా" అని పెద్ద టీచరు తెచ్చి కూర్చోబెట్టింది.

ఒక శనివారం ముంగి గెలిచే ఆటను చేతులారా పోగొట్టుకుంది. మిగిలిన గుండీలను తనే ఎదుటివాడి దారిలోకి తోసింది. గుండీలక్క చూసి ఊరుకుంది.

"ఏం మారుస్తావ్ ముంగీ? నోటితో చెప్పాలి, సైగలు చెల్లవు" అన్నాడు ఎదురుగా కూర్చున్న వాగుడుకాయ.

"చచ్చిన పావు మళ్లీ రావాలి."

ఎవరూ నవ్వలేదు. గుండీలక్క సుద్దముక్కతో ఆ మాట బోర్డు మీద రాసింది.

ఇక ఆట ముగియలేదు. అట్టను అలాగే బీరువా మీద దాచి, తర్వాతి శనివారం మళ్లీ దించారు.

"ఇదేం ఆటక్కా, మా నానమ్మ చూసే సీరియల్లా ఉంది! ఆ రూలు తీసెయ్" అన్నాడు వాగుడుకాయ.

"నేను తీయకూడదురా. ఓడినవాళ్లే తీయాలి."

"ఎవరైనా ఓడి చస్తేగా!"

తన పద్ధతిలో లొసుగు ఆమెకు అప్పుడు తెలిసింది. బోర్డు తుడిస్తే సరిపోయేది. కానీ ఆ పిల్ల ఇన్నాళ్లకు పలికిన ఒక్క మాటా దాంతోపాటే పోతుంది. "నేనే లెక్క తప్పాను. దానికి ముంగి రూలు కొట్టెయ్యను" అంది.

మిగతా పిల్లలు వేరే అట్టల దగ్గరికి జారుకున్నారు. గుండీలక్క తనే ముంగి ఎదుట కూర్చుంది. జాలిపడి ఆడలేదు, కొట్టాల్సిన పావునల్లా కొట్టింది. కొట్టిన ప్రతిసారీ ముంగి దాన్ని తీసి మళ్లీ పెట్టుకునేది. శనివారాలు గడిచాయి.

ఒకనాడు ముంగి నీలం గుండీ దెబ్బతింది. ఆ పిల్ల దాన్ని తీసి చాలాసేపు పిడికిట్లో పట్టుకుంది. తర్వాత డబ్బాలో వేసింది. మిగిలినవీ ఒక్కొక్కటే వేసింది.

"ఓడిపోయానక్కా."

"ఏం మారుస్తావమ్మా?"

"చచ్చిన పావు రాదు." వేలితో గడి చూపించింది. "కానీ నీలంది ఇక్కడుండేది. ఇక్కడ ఇంకెవరూ ఆగకూడదు. దాటి పోవచ్చు."

గుండీలక్క సుద్దముక్క అందుకుంది. పాత రూలు తుడిచి కొత్తది రాసింది.

అదే అట్ట మీద తర్వాతి ఆటలో వాగుడుకాయ పాచిక వేస్తే మూడు పడింది. వేలితో లెక్కపెట్టుకున్నాడు, మూడోది ఆ గడే. ఏమీ అనకుండా పాచిక తీసుకుని మళ్లీ వేశాడు.